రాజన్న బాటలో రాత్రి ప్రయాణం

వేములవాడలో సోమవారం పొద్దున రాజన్న (రాజరాజేశ్వర స్వామి) దర్శనం చేసుకోవాలనుకునే భక్తులు చాలామంది ఆదివారం చీకటి పడ్డాకే ఇల్లు కదులుతారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ విమానం ఎక్కే మనిషిని సాగనంపే కారు కూడా ఎక్కువగా రాత్రే బయలుదేరుతుంది. ఎండాకాలంలో కొండగట్టుకు నడిచిపోయే హనుమాన్ దీక్షాపరులు, పెళ్లి బృందాలు, మేడారం జాతరకు పోతూ ముందుగా రాజన్నను చూసుకునే కుటుంబాలు, అందరికీ రాత్రే అనువైన వేళ. ఈ దారుల్లో ఏదైనా ఘోరం జరిగి ప్రాణాలు పోయినప్పుడల్లా ఊరంతా ఒకే మాట అంటుంది: రాత్రిపూట ఎందుకు బయలుదేరాలి? ఆ మాటలో బాధ ఉంది గానీ ఈ ప్రాంతపు చరిత్ర లేదు. ఇక్కడి మనిషి తరతరాలుగా రాత్రే ప్రయాణం చేశాడు, క్షేమంగానే తిరిగొచ్చాడు. ఆ ప్రయాణాన్ని మూడు ఏర్పాట్లు కాపాడాయి. తోలేవాడు కునికినా దారి తప్పని ఎడ్లు, ముందూ వెనకా నడిచే తోడు, చేరుకున్నాక తప్పనిసరిగా దొరికే నిద్ర. మోటారు వచ్చాక ఈ మూడూ ఒక్కొక్కటిగా పోయాయి, బయలుదేరే వేళ మాత్రం అలాగే మిగిలింది. నేటి ప్రమాదానికి మూలం చీకటి కంటే ఎక్కువగా ఈ లోటులోనే ఉందని చరిత్ర చెబుతోంది.

వేములవాడ నిన్న మొన్న పుట్టిన యాత్రాస్థలం కాదు. ఎనిమిదో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా వేములవాడ చాళుక్యులు ఈ ప్రాంతాన్ని ఏలారు. రెండో అరికేసరి కొలువులో కన్నడ ఆదికవి పంపడు ఉన్నాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం గంగాధర దగ్గరి కురిక్యాలలో, బొమ్మలగుట్ట మీద ఇప్పటికీ ఉంది. ఇంత పాత పట్నమైనా వేములవాడకు పడవ దారి లేదు, రైలు దారి ఇంకా రాలేదు. వెయ్యేళ్లుగా ఇక్కడికి వచ్చిన ప్రతి మనిషీ నేల మీది బాట పట్టే వచ్చాడు. పైగా ఇక్కడి ముఖ్యమైన మొక్కు కోడె మొక్కు. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేసే ఈ ఆచారం రైతు ఇంటి నుంచి పుట్టింది. కోడెను తోలుకొని రావాలంటే మనిషి కోడె నడకతోనే నడవాలి. అంటే ఈ క్షేత్రానికి సాగే ప్రయాణం మొదటి నుంచీ పశువు ఓపికను, పశువు వేగాన్ని బట్టి నడిచిన ప్రయాణం.

అది రాత్రికి ఎందుకు మారిందో తెలుసుకోవాలంటే ఇక్కడి ఎండను గుర్తు చేసుకోవాలి. జగిత్యాల, కరీంనగర్ వైపు మే నెలలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో ఎడ్లను కాడికి కట్టి మైళ్ల కొద్దీ నడిపితే అవి కూలబడతాయి. నీళ్లున్న చెరువులు ఎండాకాలానికి దూరదూరంగా మిగులుతాయి. మనిషికి మాత్రం పగలు పని ఉంటుంది. పొలం గానీ, మగ్గం గానీ, కూలి గానీ పగలు వదులుకుంటే ఆ పూట సంపాదన పోయినట్టే. అందుకే పొద్దు గూకాక బండి కట్టి, తెల్లారేసరికి చెరువుగట్టు మీదో ఊరి బయటి మర్రిచెట్టు కిందో విప్పడం అలవాటైంది. శివరాత్రి సంగతి మరీ విశేషం. ఆ పండుగ మాఘ బహుళ చతుర్దశి నాడు వస్తుంది, అంటే అమావాస్యకు ముందు రాత్రి. ఏడాదిలో ఎక్కువ మంది రాజన్న దగ్గరికి కదిలేది వెన్నెల దాదాపు లేని రోజుల్లోనే. చీకటి తెలియక ఎవరూ బయలుదేరలేదు. చీకట్లో ఎలా పోవాలో తెలిసే బయలుదేరారు.

ఆ తెలివి బండి కట్టుబడిలోనే కనిపిస్తుంది. ఆడవాళ్లకు, పిల్లలకు పైన గుడిసెలాంటి కప్పు ఉన్న కచ్చురం. అడుగున వరిగడ్డి, దాని మీద బొంత, వెనక సద్దిమూట, నీళ్ల కుండ. ఇరుసు కింద వేలాడదీసిన కందీలు. ఆ దీపాన్ని ఎత్తున పెట్టరు. కింద ఉంటేనే చక్రాల దగ్గరి గుంతలు కనబడతాయి, తోలేవాడి కంట్లో వెలుగు పడదు, వెనక వచ్చే బండికి గుర్తుగానూ ఉంటుంది. ఎడ్ల మెడలో గంటలు అలంకారానికే కట్టింది కాదు. మలుపు అవతల మరో బండి వస్తోందని ఆ చప్పుడే చెప్పేది. గంటకు మూడు, నాలుగు కిలోమీటర్ల నడక. అంటే సెకనుకు దాదాపు ఒక మీటరు. తోలేవాడు అర్ధరాత్రి దాటాక కునికినా ఎడ్లు బాట వదలవు, ముందు బండి ఆగితే అవీ ఆగుతాయి. పదిమంది మనుషులు నిద్రపోతున్న బండిలో కూడా మేలుకొని దారి చూసే కళ్లు నాలుగు ఉండేవి. ఈ ఒక్క విషయం మరిచిపోతే పాత రాత్రి ప్రయాణం మనకు అర్థం కాదు.

అప్పుడు ప్రమాదాలు లేవని కాదు. దొంగలు, అడవి మృగాలు, వాగుల్లో అకస్మాత్తుగా వచ్చే నీళ్లు, అన్నీ ఉన్నాయి. నిజాం రాజ్యంలో థగ్గుల భయం ఎంత ఉండేదో హైదరాబాద్ సైన్యంలో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ప్రచురించిన నవలతో ప్రపంచానికంతా తెలిసింది. బాటసారులతో స్నేహం కలిపి, తెల్లవారకముందే లేపి బయలుదేరదీసి, నిర్జన ప్రదేశంలో చంపడం థగ్గుల పద్ధతుల్లో ఒకటి. ఆ కాలంలోనే, 1830లో, మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాద్ మీదుగా నిర్మల్ దారిన ఉత్తరానికి సాగిపోయారు. ఆయన ఒంటరిగా పోలేదు. బోయీలు, పరివారం కలిసి సుమారు వందమంది ఆయన వెంట నడిచారు. కలిగినవాడికి పరివారం ఎలాగో లేనివాడికి ఊరి బండ్ల వరుస అలాగ. పదో పదిహేనో బండ్లు కూడేదాకా ఆగి, అప్పుడు గానీ కదిలేవారు కాదు. ముప్పు బయటి నుంచి వస్తుందని తెలుసు కాబట్టి దానికి గుంపునే విరుగుడుగా పెట్టుకున్నారు. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు పాడేవాడు, ఒక బండి బోల్తా పడితే పది చేతులు లేపేవి.

మూడో ఏర్పాటు నిద్ర. రాజన్న గుడికి వచ్చినవాళ్లు వెంటనే దర్శనం చేసుకొని వెనుదిరగడం పాత ఆచారంలో లేదు. ధర్మగుండంలో స్నానం చేసి, తడిబట్టలతో దర్శనం చేసుకొని, కోడె కట్టి, ఆ రాత్రి అక్కడే నిద్ర చేసి పోవడం ఎందరికో మొక్కులో భాగం. మంటపంలోనో, సత్రంలోనో, చెట్టు కింద బండి నీడనో పడుకునేవారు. భక్తి వైపు నుంచి చూస్తే అది స్వామి సన్నిధిలో గడిపిన రాత్రి. ప్రయాణం వైపు నుంచి చూస్తే రాత్రంతా నడిచిన ఎడ్లకూ, వాటిని తోలిన మనిషికీ దొరికిన పూర్తి విశ్రాంతి. అలసిన ఎడ్లను అదే పూట మళ్లీ కాడికి కట్టాలంటే కుదరదు, అవి కదలవు. యజమానికి ఎంత తొందర ఉన్నా పశువు అలసటే హద్దు గీసేది. ఆ హద్దుకే ఆచారం భక్తి రూపం ఇచ్చింది.

మోటారు వచ్చిన తొలి రోజుల్లో ఈ ఏర్పాట్లు ఒక్కసారిగా పోలేదు. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. అదే తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చి, 1958 జనవరి 11 నుంచి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. రైల్వే కడుపున పుట్టిన సంస్థ కాబట్టి డ్యూటీ గంటలు, రిజిస్టరు, డిపో అనే కట్టుబాటు దానికి మొదటి నుంచీ అలవడింది. పల్లెకు రాత్రి చేరిన ఆఖరి బస్సు అక్కడే ఆగేది. నైట్ హాల్ట్ అని పల్లెల్లో అందరికీ తెలిసిన మాటే. డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకొని తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా అదే బస్సును తీసేవారు. దూరపు రాత్రి సర్వీసుల్లో ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడపడం, పక్కన మేలుకొని మాట్లాడే మనిషి ఉండడం, ఇవన్నీ బండ్ల వరుస నేర్పిన పాఠాలకు కొత్త రూపాలే. ఎడ్ల స్థానంలో ఇంజను వచ్చినా, ఎడ్లు చేసిన కాపలా పనిని సంస్థ తన నిబంధనలతో కొంతవరకు చేసింది.

ఆ కాపలా పూర్తిగా తెగిపోయింది కిరాయి కార్ల కాలంలో. సిరిసిల్ల నేతకారులు భీవండికి, జగిత్యాల, కోరుట్ల కూలీలు బొంబాయి మీదుగా గల్ఫ్‌కు పోయిన రోజుల్లో ప్రయాణం బస్సులోనో రైల్లోనో సాగేది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయ్యాక గల్ఫ్ దారి మారింది. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లో వచ్చిపోతాయి. ఇక్కడి నుంచి ఆ వేళకు చేర్చే రైలు లేదు. పెద్దపల్లి, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్‌లను కలిపే లైను 2017లో గానీ పూర్తి కాలేదు. సిరిసిల్ల, వేములవాడల మీదుగా వేసే మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగితే, 2023 అక్టోబరుకు సిద్దిపేట దాకా రైలు వచ్చింది. కాబట్టి కోరుట్ల నుంచి పోయే మనిషికి కారే దిక్కు. పోనురాను 400 కిలోమీటర్లు దాటే ఆ దారిలో డ్రైవరు పగలంతా ఏదో కిరాయికి తిరిగి, రాత్రి పదింటికి ఈ కుటుంబాన్ని ఎక్కించుకొని, విమానాశ్రయంలో దింపి, ఏడ్చి అలసిన తల్లిదండ్రులను వెనక సీట్లో పడుకోబెట్టి తెల్లవారుజామున తిరిగొస్తాడు. కారులో అందరూ నిద్రపోతారు. మేలుకోవాల్సింది ఒక్కడు, అతని వెంట ఎడ్లు లేవు, బండ్ల వరుస లేదు, రిజిస్టరు లేదు.

చట్టం ఈ విషయాన్ని పట్టించుకోలేదని చెప్పలేం. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని రాసిపెట్టింది. అది ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు ఉద్దేశించినది. 1988 మోటారు వాహనాల చట్టం ఆ పని గంటలనే రవాణా వాహనాలు నడిపేవారందరికీ వర్తింపజేసింది. కానీ గంటలు లెక్కపెట్టాలంటే ఎవరో ఒకరు రాసుకోవాలి. డిపోలో ఆ మనిషి ఉన్నాడు. అప్పు చేసి కారు కొని తానే నడుపుకునే యువకుడికి ఎవరున్నారు? ఈ నెల వాయిదా ఎట్లా కట్టాలన్న లెక్క ఒక్కటే అతను రాసుకునేది. ఇక సొంత కారును ఇంటి మనిషే నడిపితే ఆ గంటల పరిమితి వర్తించనే వర్తించదు.

ఈ లోటు ఎంత పెద్దదో చిన్న లెక్క చెబుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. అలసిన డ్రైవరు కళ్లు నాలుగు సెకన్లు మూతపడితే కారు దాదాపు 90 మీటర్లు ఎవరూ చూడకుండా పోతుంది. ఎడ్లబండి అదే నాలుగు సెకన్లలో నాలుగు మీటర్లు నడిచేది, అది కూడా దారి చూసుకుంటూ. మనిషి శరీరంలో నిద్ర ఒత్తిడి రాత్రి రెండు నుంచి ఆరు మధ్య ఎక్కువగా ఉంటుంది, విమానాశ్రయం నుంచి కార్లు తిరిగొచ్చేది సరిగ్గా ఆ వేళే. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి నేర్పు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి నేర్పుకు సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన చట్టం డ్రైవరుకు అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములే. పొద్దున ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాటాక కూడా స్టీరింగ్ పట్టిన మనిషి చుక్క తాగకపోయినా ఆ హద్దు దాటినవాడితో సమానం. అతన్ని ఏ పోలీసూ ఊదమనడు, ఊదినా ఏ యంత్రమూ పట్టుకోదు.

శివరాత్రి మరుసటి పొద్దున ఈ వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం. లక్షలాది జనం రాత్రంతా జాగరణ చేస్తారు, పగలంతా ఉపవాసం ఉంటారు, గంటల తరబడి వరుసలో నిలబడతారు. జాగరణ చేసిన మనిషి మరునాడు బండిలో పడుకొని ఇంటికి పోయే కాలానికి ఈ ఆచారం సరిగ్గా సరిపోయింది. ఇవాళ జాగరణ చేసిన మనిషే ఫలహారం ముగించి కారు తాళం తీస్తున్నాడు. ఇరవై నాలుగు గంటలు కన్నుమూయని ఆ చేతుల్లో భార్యాపిల్లల ప్రాణాలున్నాయి. అతని భక్తిలో లోపం లేదు. ఆచారంలో ఒక సగం పాటించి, దాన్ని కాపాడే రెండో సగాన్ని వదిలేయడమే లోపం.

రోడ్డు మీది పరిస్థితి ఈ అలసటకు ఆజ్యం పోస్తోంది. వరి సాగు పెరిగాక కోతల కాలంలో రోడ్డే కల్లం అవుతోంది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి, నల్ల పరదా కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పరదా, దాని అంచున రంగు లేని రాయి. కారు డిమ్ లైటు వెలుగులో అలాంటిది సుమారు 50 మీటర్ల దగ్గరకు వస్తే గానీ కనబడదు. 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు చూసి, బ్రేకు తొక్కి, ఆగేసరికి 70 మీటర్లకు పైగా పడుతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, పంక్చరై రోడ్డు పక్కన నిలిచిన లారీ కూడా అంతే. ఇరుసు కింద కందీలు కట్టిన రైతు మనవడే ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ అంటించడం మరిచిపోతున్నాడు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది లెక్కల నుంచి. కేంద్ర రవాణా శాఖ ఏటా వెలువరించే నివేదికల్లో ఎక్కువ ప్రమాదాలు నమోదయ్యేది అర్ధరాత్రి తర్వాత కాదు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య. నిజమే. కానీ ఆ మూడు గంటల్లో రోడ్డు మీద ఎన్ని వాహనాలుంటాయో, తెల్లవారుజామున మూడింటికి ఎన్ని ఉంటాయో పోల్చి చూడాలి. ఖాళీ రోడ్డు మీద కూడా ప్రాణాలు పోతున్నాయంటే తిరిగే ఒక్కొక్క వాహనానికి ముప్పు ఎక్కువన్నమాట. రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఈ ప్రాంతం చూసిన అతి పెద్ద ఘోరం పట్టపగలే జరిగింది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అక్కడ చీకటి లేదు, కిరాయి కారు లేదు, నేను మెచ్చుకున్న సంస్థదే ఆ బస్సు. అయితే అందులో వందమందికి పైగా ప్రయాణికులు ఉన్నారు. మోయగలిగిన దానికి దాదాపు రెండింతల బరువుతో ఏటవాలు దారి దిగుతున్న బస్సు అది. ఎడ్లు అంత బరువును లాగక మొండికేసేవి, ఇంజను మొండికేయదు. పగలైనా రాత్రైనా యంత్రానికి హద్దు గీయాల్సింది మనుషులే అన్న నా మాటను కొండగట్టు కాదనదు, బలపరుస్తుంది. సంస్థ ఉంటే చాలదు, అది పెట్టుకున్న హద్దు ప్రతి ట్రిప్పులోనూ నిలవాలి.

మూడో అభ్యంతరం రోడ్లు బాగుపడుతున్నాయి, కార్ల లైట్లు మెరుగయ్యాయి కాబట్టి ముప్పు తానే తగ్గుతుందన్న నమ్మకం. వెడల్పైన రోడ్డు వేగాన్ని పెంచుతుంది, నున్నటి రోడ్డు నిద్రను పిలుస్తుంది, ఎదుటివాడి తెల్లటి ఎల్‌ఈడీ వెలుగు కళ్లను కొన్ని సెకన్లు పనికిరాకుండా చేస్తుంది. అలసిన కంటికి ఏ వెలుగూ మందు కాదు. నాలుగోది, ఇంత ముప్పు ఉంటే రాత్రి ప్రయాణమే మానుకోవచ్చు గదా అన్నది. ఎండ తగ్గలేదు, విమాన వేళలు మన చేతిలో లేవు, పగటి కూలి పోగొట్టుకోలేని ఇల్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. మానుకొమ్మని చెప్పడం చేతిలో డబ్బు, సెలవు ఉన్నవాళ్లు పాటించగల సలహా. మిగతావాళ్లకు ఆ ప్రయాణం క్షేమంగా సాగే దారి చూపాలి.

ఆ దారి మన ఆచారంలోనే ఉంది. అన్నదానం గొప్ప పుణ్యమని నమ్మే ఈ నేల మీద, శివరాత్రికి, రద్దీ సోమవారాలకు వాహనం నడిపేవాళ్ల కోసమే ప్రత్యేకంగా నిద్ర మంటపాలు ఏర్పాటు చేయడం దేవస్థానానికి, దాతలకు పెద్ద భారం కాదు. నీడ, ఫ్యాను, నీళ్లు, నాలుగు గంటల నిశ్శబ్దం చాలు. జాగరణ చేయదలచిన ఇంట్లో స్టీరింగ్ పట్టే మనిషికి మాత్రం ఆ రాత్రి మినహాయింపు ఇవ్వాలి, అతను పడుకోవడమే ఆ కుటుంబం తరఫున మొక్కు అనుకోవాలి. విమానాశ్రయానికి కారు మాట్లాడేటప్పుడు కిరాయి ఎంత అని అడిగినట్టే, డ్రైవరు ఆ పగలు పడుకున్నాడా అనీ అడగాలి, తిరిగొచ్చే ముందు మూడు గంటల నిద్రకు అయ్యే ఖర్చు కిరాయిలో కలపాలి. ముందు సీట్లో కూర్చున్నవాడు పడుకోకూడదు, అది పాత బండ్ల వరుసలో తోటివాడు చేసిన పనే. వడ్ల కుప్పకు, ట్రాలీకి రిఫ్లెక్టరు పట్టీ అంటించే బాధ్యత మార్కెట్ కమిటీలు, పంచాయతీలు తీసుకోవాలి. వీటిలో ఏదీ కొత్త కల్పన కాదు. మన తాతలు పశువు ఓపికకు లోబడి పాటించిన హద్దులనే మనం ఇప్పుడు మన ఇష్టంతో పాటించాలి. ఎడ్లు మనకోసం మేలుకోవడం ఆగిపోయి తరాలు గడిచాయి. ఆ కాపలా ఎవరు కాయాలో ప్రతి ఇల్లూ బయలుదేరే ముందే తేల్చుకుంటే, రాజన్న దగ్గరికి రాత్రి పోయినవాళ్లు క్షేమంగా తిరిగొస్తారు.